తాతకూ మనవడికీ కనిపించిన ఇరవై ఒకటి

1952లో నేను ఆత్మకూరు ఆసుపత్రిలో డాక్టరుగా ఉన్నాను. ఒకరోజు ఉదయగిరి నుంచి మాలకొండయ్య అనే యువకుణ్ణి వాళ్ళమ్మ సుబ్బమ్మ తీసుకొచ్చింది. తోడుగా ఆమె తండ్రి కూడా వచ్చాడు.

"వీడికి కండ్లు పోతాండాయి సార్. మా మరిదికీ ఇట్టనే పోయినాయి. జలదంకిలో పిల్లను ఖాయం చేసుకున్నాం. వాళ్ళకు తెలిస్తే ఏం గావాల?" అంది సుబ్బమ్మ.

మాలకొండయ్య తల ఎత్తలేదు. ఆ ఏడు వాళ్ళు బావి తవ్వించి మొదటిసారి మిరప వేశారు. కోతకు దిగితే అందరూ పండ్లు కోస్తుంటే ఇతని గంపలో సగం పచ్చికాయలే. అప్పటినుంచి భయంతో ఇల్లు కదలడం మానేశాడట.

గోడమీది చార్టులో అతను చివరి వరుస దాకా తడబడకుండా చదివాడు. ఆఫ్తాల్మోస్కోప్‌తో కంటి లోపలి నరం చూశాను. అంతా బాగానే ఉంది. మరి లోపం ఎక్కడ?

మద్రాసులో కొన్న కలర్ ప్లేట్ల పుస్తకం నా దగ్గర ఉండేది. ఒక రంగు చుక్కల మధ్య వేరే రంగు చుక్కలతో అంకె వేసి ఉంటుంది. కన్ను రంగులను ఎలా పోల్చుకుంటుందో దాన్నిబట్టి తెలుస్తుంది. అందులో ఒక పేజీ తెరిచాను. నాకు డెబ్భై నాలుగు కనిపిస్తోంది.

"ఇరవై ఒకటి" అన్నాడు మాలకొండయ్య.

"సరిగ్గా చూడు."

వెనక నిలబడ్డ ముసలాయనకు విసుగొచ్చింది. "ఇరవై ఒకటే గదయ్యా ఉండేది! ఇంకేందని చెప్పమంటావు వాణ్ణి?"

నేను పుస్తకం ఆయన వైపు తిప్పాను. మళ్ళీ అదే మాట.

"మిరపపండు ఎట్టా గుర్తుపడతావు పెద్దాయనా?"

"పట్టి చూస్తే మెత్తగా తగలదా? ఎవురికైనా అంతే గదా!"

ఆయనకు డెబ్భై దాటాయి. ఇప్పటికీ చీకటిపడ్డాక ఒక్కడే చేనికి పోయొస్తాడట.

"ఇది పుట్టుకతో వచ్చిన కలర్ బ్లైండ్‌నెస్" అన్నాను. "ఎరుపూ ఆకుపచ్చా వీళ్ళకు ఒకటిగా కనిపిస్తాయి. తాత నుంచి కూతురి ద్వారా మనవడికి వస్తుంది. చూపు తగ్గదు. మీ మరిది జబ్బుకూ దీనికీ సంబంధం లేదు. పెళ్ళికీ అడ్డేమీ లేదు."

"అయితే నా కండ్లు పోవా సార్?"

"మీ తాత కండ్లే నీవి. ఆయన్ను చూడు."

అతను తాత ముఖంలోకి చూస్తూ ఉండిపోయాడు. తర్వాత ఏడుపూ నవ్వూ కలిసి వచ్చేశాయి. సుబ్బమ్మ అక్కడే నేలమీద కూలబడి కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది.

"ఇన్నేండ్లూ చెప్పలేదేంది నాయనా?"

"నాకు తెలిస్తే గదా చెప్పేదానికి!" అన్నాడాయన.

కొత్తగా బయటపడిందల్లా కొత్తగా వచ్చిన జబ్బు కాదని ఆ రోజు నేర్చుకున్నాను. అప్పటినుంచి రోగితోపాటు అతని వెనక నిలబడ్డవాళ్ళనూ పరీక్షగా చూడటం అలవాటైంది.