పర్మిట్ లేని నవ్వు

గద్వాలలో మగ్గాల వీధికి కాపురానికొచ్చిన జములమ్మ జుట్టు నెరిసింది కానీ, ఆమె గొంతు ఎలా ఉంటుందో బావగారు శంకరయ్యకు తెలియదు. అబద్ధం కాదండీ! మొగుడి అన్న ఎదుట నోరు విప్పకూడదని అత్త చెప్పింది, ఈమె విప్పలేదు, అంతే. ఆయన మగ్గం గుంటలో కూర్చుంటే ఈమె తలుపు చాటున రాట్నం ముందేసుకుని దారం కండెలు చుట్టేది. ఆయనకేదైనా చెప్పాలంటే గాజులు గలగలలాడించాలి. అప్పుడాయన కూతురిని కేకేసేవాడు. "రోహిణీ, ఏందో అడుగు మీ చిన్నమ్మను!"

అలాంటి ఇంట్లోకి 2005లో ఒక నవల వచ్చి పడింది. డిగ్రీ చదివే రోహిణి దాన్ని లైబ్రరీ నుంచి తెచ్చి, మధ్యాహ్నాలు మగ్గాల దగ్గర పైకి చదివేది. చేతులకు పనున్నా చెవులు ఖాళీయే కదా! అందులో ఒక దేశం. అక్కడ ఏ మాట మాట్లాడాలో, ఏ పాట పాడాలో ఆఫీసర్లు ముద్ర వేసి ఇస్తారు. నవ్వాలన్నా సర్కారు పర్మిట్ కావాలి. తార అనే పిల్ల మాత్రం పర్మిట్ గిర్మిట్ ఏమీ లేకుండా పకపకా నవ్వేస్తుంది. ఒక పెద్ద ఆఫీసరు మీసానికి అన్నం మెతుకు అంటుకుని ఉంటే అందరూ నేల చూపులు చూస్తారు, తార వేలు పెట్టి చూపిస్తుంది.

ఆ మెతుకు దగ్గర జములమ్మ పనైపోయింది. కొంగు నోట్లో కుక్కుకున్నా నవ్వు ఆగలేదు. "ఏం పిల్లనే అది! నా పానమే!" అని రోహిణి చెవిలో గుసగుసలాడింది. ఇక వంట చేస్తున్నా తారే, నీళ్లు పడుతున్నా తారే. మొగుడు రామన్న కూర బాగుందంటే, "పర్మిటున్నదా?" అని అడిగింది. పాపం, ఆ మనిషి పరేషానై కంచం ముందు నోరు తెరుచుకుని కూర్చున్నాడు.

శంకరయ్యకు ఇది నచ్చలేదు. ఆడవాళ్లు నవ్వితే వీధంతా వింటుందని ఆయన బెంగ. "సదువు, వద్దంటలేను. గా పిల్ల వచ్చేకాడ ఎగరగొట్టి సదువు" అని కూతురితో ఒట్టేయించుకున్నాడు.

ఇక చూడండి తమాషా! నవలలో పోలీసులు పరుగెత్తుతారు, ఎవరి వెనకో తెలియదు. కోర్టులో జడ్జి గుడ్లురుముతాడు, ఎదుట ఎవరూ లేరు. జములమ్మకు ఏడుపొచ్చినంత పనైంది. తారను పట్టుకుపోయిన సంగతి ఆ ఒట్టుకు ముందే విన్నది. ఆ తర్వాత బతికిందా? నోరు మూసుకుందా? చాటుగా అడిగితే, "నాయినకు ఒట్టేసిన చిన్నమ్మా" అని రోహిణి తప్పించుకుంది. అడిగితే బావనే అడగాలి. అడగడానికి నోరేదీ?

ఆ రోజు శంకరయ్య మగ్గం మీద మంచి చీర ఉంది. గద్వాల చీరంటే నడుమంతా నూలు, అంచు పట్టు. అడ్డదారం మోసే నాడె అటూ ఇటూ తిరిగినప్పుడల్లా ఆ రెండు దారాలనూ మెలిపెట్టి కలపాలి, మరిచిపోతే అంచు చీరను వదిలేస్తుంది. శంకరయ్య జన్మలో మరిచిపోలేదు. అటువంటిది, కండెలు పెట్టడానికొచ్చిన జములమ్మ చూసేసరికి అంచుకూ చీరకూ మధ్య వేలు దూరేంత సందు! ఆయన ఎటో చూస్తూ నేస్తూనే ఉన్నాడు.

ఆమె గాజులు ఆడించింది. వినలేదు. ఇంకా గట్టిగా ఆడించింది. ఊహూఁ! రోహిణి పుస్తకంలో తలదూర్చి చదువుతూనే ఉంది, సందు సాగుతూనే ఉంది. జములమ్మ ఒక్క క్షణం అత్తను తలుచుకుంది. ఆ తర్వాత మెతుకును తలుచుకుంది.

"ఓ బావా! అంచు ఇడిసిపోతున్నది సూడుర్రి! యాడున్నది మీ ద్యాస?"

రెండు మగ్గాలూ ఆగిపోయాయి. పక్క మగ్గం మీదున్న రామన్న చేతిలోంచి నాడె జారిపడింది. శంకరయ్య సందును చూశాడు, మరదలిని చూశాడు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

"గా పిల్లను పట్టుకపోయిండ్రు గద... ఏం జేసిండ్రో ఏమో అని..." నసిగాడు.

ఇంకేముంది! రోహిణి పుస్తకం మొహానికి అడ్డం పెట్టుకుంది. రామన్న గుంటలోనే కడుపు పట్టుకున్నాడు. జములమ్మ మాత్రం కొంగు కోసం వెతుక్కోలేదు, వీధంతా వినేలా నవ్వింది. ఆమెకు హాయిగా ఉంది.

నవ్వులు తగ్గాక శంకరయ్య నేసిందంతా విప్పడానికి వంగాడు. "బిడ్డా, ఎగరగొట్టిందంత మొదటికెళ్లి సదువు" అన్నాడు. దారాలు విప్పుతూ, తలెత్తకుండానే మెల్లగా మరదలిని అడిగాడు.

"ఇన్నేండ్లసంది ఒక్కింట్లనే ఉంటిమి. నీ గొంతు గిట్లుంటదా జములమ్మా?"

జములమ్మ తలుపు చాటునున్న రాట్నాన్ని బరబరా లాక్కొచ్చి మగ్గం పక్కన వేసుకుంది.

"ఇగ రోజు ఇనుర్రి బావా" అంది.