కదిరప్ప మామ అడిగిన ప్రశ్నలు

మా కదిరప్ప మామ పలకరించినా ప్రశ్నే, విసుక్కున్నా ప్రశ్నే. పెనుకొండ బస్టాండు దగ్గర ఆయనకు సైకిలు షాపు. పంక్చరు ట్యూబును నీళ్ళలో ముంచి బుడగలు చూడాల్సింది పోయి, వచ్చినవాడి ముఖం చూసేవాడు. "ఏమప్పా, మడకశిరలో వాన పడిందా? నువ్వు తడిసినావా, సైకిలొకటే తడిసిందా?" బుడగలు వచ్చిపోయేవి, బస్సులూ వచ్చిపోయేవి. హిందూపురం బస్సు కండక్టరైతే మామ ఎక్కగానే "నాకేమీ తెల్దు సామీ" అని ముందే దండం పెట్టేవాడు.

1962లో నాకు జపానులోని ఒక విశ్వవిద్యాలయం నుంచి ఉత్తరం వచ్చింది. పట్టుపురుగుల శాస్త్రంలో డిగ్రీ చదవడానికి సీటు, ఖర్చంతా వాళ్ళదే. నెల లోపల జవాబు రాయాలి. మా ఇంట్లో సిద్ధమ్మవ్వ తలూపనిదే నాయన ఎద్దును కూడా కొనడు. అవ్వ ఔననలేదు, కాదనలేదు. "చూద్దాంలే" అని చేట అందుకుంది. నాకు అన్నం సయించడం మానేసింది.

మర్నాటి నుంచి రోజూ సాయంత్రం మామ హాజరు.

"ఆడ చింతపండు దొరుకుతాదేమిరా?"

"దొరకదు మామా."

"మరి చారెట్ల కాస్తావు?"

ఇంకో రోజు, "ఆడ భూమి అదురుతాదంట కదా. మంచం కింద దూరల్లా, బయటికి ఉరకల్లా?"

ఇంకో రోజు, "కడుపునొప్పొస్తే ఏ బాసలో చెప్తావు?"

ఇంటిల్లిపాదీ పొట్టలు పట్టుకుని నవ్వేవాళ్ళు. అవ్వ మాత్రం అటు తిరిగి కూర్చుని చెనక్కాయలు ఒలుచుకునేది.

నిజం చెప్పాలంటే సగం ప్రశ్నలకు నాకూ జవాబు తెలియదు. జపాను చూసొచ్చిన గంగాధరప్ప అనే పట్టు వ్యాపారి ధర్మవరంలో ఉన్నాడంటే ఆయన్ని అడగడానికి బయలుదేరాను. మామ షాపు మూసి మరీ వెంట వచ్చాడు. భూమి అదిరితే బల్ల కింద దూరాలట. అంతటితో మామ ఊరుకుంటాడా?

"బల్ల ఎంత ఎత్తుంటాదన్నా? మావోడు పొడుగు. జొరమొస్తే గంజి కాసేదెవరు?"

గంట తర్వాత గంగాధరప్ప చెమట తుడుచుకుని, "ఏమప్పా, పోయేది ఈ పిల్లోడా, నువ్వా?" అన్నాడు.

తిరుగు రైల్లో నాకు మండిపోయింది. "పరువు తీసినావు మామా! నీకేంటికి ఇవన్నీ?"

మామ భుజం మీది తువ్వాలు దులుపుకుని, "చింతపండు ఎన్ని నెలలు నిలవుంటాదిరా?" అన్నాడు.

మర్నాడు మధ్యాహ్నం మంచినీళ్ళకని వంటింటి దాకా వెళ్ళాను. లోపల అవ్వ గొంతు గుసగుసగా వినబడింది.

"బల్ల సంగతి బాగుండాది కదిరప్పా. ఇంగొకటి అడుగబ్బా. వాడు ఒంటిగా ఉంటే పలకరించేవాళ్ళు ఉంటారా అని."

"నువ్వే అడగొచ్చు కదత్తా?"

"నేనడిగితే ముసిల్దానికేం తెల్సని నవ్వరా?"

"సరే, నేనే అడుగుతాలే. నన్ను చూసి నవ్వేది వాళ్ళకు అలవాటే."

నాకు తల కొట్టేసినట్టయింది. నీళ్ళు తాగకుండానే వచ్చేశాను.

ఆ సాయంత్రం మామ ఏమీ తెలియనట్టు గొంతు సవరించుకున్నాడు. "ఒంటిగా ఉంటే నిన్ను పలకరించేదెవరురా?"

నేను అవ్వ వైపు తిరిగి కూర్చున్నాను. "హాస్టల్లో ఇద్దరు బెంగుళూరోళ్ళు ఉండారని ఉత్తరంలో రాసినారవ్వా. కన్నడంలో మాట్లాడుకుంటాం. వాళ్ళు పలకరించకపోతే నేనే పలకరిస్తా. మామ కాడ పెరిగినోణ్ణి కదా!"

అవ్వ పకపకా నవ్వింది. "ఐతే జాబు రాసెయ్. చింతపండు నేను మూట కడతా."

బయలుదేరే రోజు పెనుకొండ స్టేషన్లో గుంతకల్లు బండి కూత వేశాక మామ కిటికీ పట్టుకున్నాడు.

"వచ్చేటప్పుడు ఏ పక్క కిటికీ కాడ కూచుంటావురా?"

"ఇది కూడా అవ్వ అడగమనిందా?"

మామ కళ్ళు పెద్దవి చేశాడు. దొరికిపోయానని అర్థమై నవ్వేశాడు.

"లేదురా, ఇది నాది. యాడ నిలబడల్లో తెలుసుకోవద్దా?"

బండి కదిలింది. "ప్లాట్‌ఫారం పక్కే మామా!" అని అరిచాను. మామ బండితో పాటు నడుస్తూనే, "ముందు పెట్టెలోనా, ఎనక పెట్టెలోనా?" అని అడుగుతున్నాడు.