మెట్ల మీంచి పడ్డవాళ్లు

మురేష్ ఏటి ఒడ్డున ఉండే బాప్టిస్టు క్రైస్తవుల గురువారపు వాక్య చర్చలో సవేత అవ్వ వంకర తిరిగిన మణికట్టుతోనే మేజోళ్లు అల్లుకుంటూ అందరి మాటా వింటుంది. చివర్లో ఒక్కమాట అంటుంది, అంతే.

ఆ వారం త్రయాన్ "భార్యలు లోబడి ఉండాలి" అన్న వచనం పట్టుకుని గొంతు చించుకుంటున్నాడు. పక్కనే అతని భార్య వియోరిక, కన్ను వాచి నల్లబడి ఉంది.

"మెట్ల మీంచి పడింది," అన్నాడు, ఎవరూ అడక్కుండానే.

అవ్వ సూదులు ఆగాయి. "నేనూ ఇరవై ఏళ్లు మెట్ల మీంచే పడ్డాను నాయనా. ఆ మెట్లు నువ్వు కూర్చున్న కుర్చీలోనే కూర్చుని వాక్యం చెప్పేవి."

"ఏం కూస్తున్నావే ముసలిదానా!"

త్రయాన్ పిడికిలితో బల్ల గుద్దాడు. టీ గ్లాసులు కిందపడి పగిలాయి. వియోరిక రెండు చేతులతో తల కప్పుకుని బల్ల కిందికి ముడుచుకుపోయింది.

"ఇప్పుడు ఆ కింది వచనం చదువు," అంది అవ్వ. "భార్యల్ని ప్రేమించమని భర్తలకు చెప్పింది. బల్ల కిందున్న నీ పెళ్లాన్ని చూస్తూ చదువు."