గోత్రం లేని కొత్త మనిషి

నిన్న పొద్దున పూజలో ఉండగా కోదాడ నుంచి మరదలు లత ఫోన్ చేసింది.

"వదినా, ఈయన లేవట్లేదు."

అంతే.

సూర్యాపేట నుంచి నేను చేరేసరికి దవాఖాన నుంచి ఇంటికి తెచ్చేశారు. గుండె ఆగిపోయిందన్నారు.

నా చిన్న తమ్ముడు శ్రీధర్. నలభై ఆరేళ్లు.

మీలో చాలామందికి తెలుసు, తను సాఫ్ట్‌వేర్. హైదరాబాద్ కంపెనీకి కోదాడలో ఇంటి నుంచే పని చేసేవాడు. రైస్ మిల్లుల్లో వాడే ప్రోగ్రామ్‌లు రాసేవాడు.

ఒకసారి మిర్యాలగూడ మిల్లు నుంచి కంప్లైంట్ వచ్చింది. వడ్ల లారీల తూకం ఒక్కోసారి తప్పుతోందని. ఆఫీసులో అందరూ కోడ్ అంతా వెతికారు. తప్పు దొరకలేదు.

శ్రీధర్ బస్సెక్కి వెళ్లి పొద్దంతా కాంటా పక్కన నిలబడ్డాడు.

లోడుతో తూచేటప్పుడు డ్రైవర్ సీట్లోనే ఉంటున్నాడు. ఖాళీ లారీ తూచేటప్పుడు ఒక్కోసారి చాయ్‌కి దిగిపోతున్నాడు.

"మీ వడ్లల్ల ఒక మనిషి కలుస్తున్నడు సేటూ!" అన్నాడట. మిల్లంతా ఒకటే నవ్వు.

ఆ సాయంత్రం నాకు ఫోన్ చేశాడు. "ఇది కోడ్‌ల దొరకదక్కా. గీడ నిలబడితెనే కనవడ్తది."

ఎంత సంతోషమో ఆ గొంతులో.

ఈ మధ్య ఒక రోజు "కేటీ ఇస్తున్న అక్కా" అన్నాడు. కేటీ అంటే తనకు తెలిసిన పనంతా ఇంకొకరికి నేర్పి అప్పజెప్పడం. ఎవరో కొత్త మనిషి చేరారనుకున్నాను. సోమవారం గుడిలో తమ్ముడితో పాటు ఆ మనిషికీ అర్చన చేయిస్తే ఇద్దరికీ పొసగుతుందని నా ఆశ.

"పేరు, గోత్రం చెప్పురా" అన్నాను.

పడీ పడీ నవ్వాడు.

"పేరుంది గని గోత్రం లేదక్కా. అది ఏఐ. మనిషి కాదు."

"ఆ ముక్క ముందే చెప్పొద్దా?"

"చెప్తే అర్చన క్యాన్సిల్ చేస్తవని."

నేనూ నవ్వాను.

నవ్వు ఆగాక మళ్లీ తనే అన్నాడు.

"కాంటా సంగతి గూడ రాసిచ్చిన అక్కా. డ్రైవర్ దిగిండా లేదా అడగాలె అని. ఇగ నా దగ్గర దానికి తెల్వంది ఏం లేదు. నన్నెందుకు ఉంచుకుంటరు?"

"దేవుడున్నాడు" అన్నాను.

ఇంకేమైనా అని ఉండాల్సింది.

ఆ తర్వాత ఆఫీసు గ్రూపులోంచి ఒక్కొక్క పేరే మాయమవుతూ వచ్చిందట. తమ్ముడు పొద్దున లేవగానే ముందు లాగిన్ అవుతోందో లేదో చూసుకునేవాడట. అయ్యాకే మొహం కడుక్కునేవాడట. ఇదంతా లత నిన్న చెప్పింది. నాకు తెలియదు.

ఈ పొద్దున ఆఫీసు వాళ్లు ఫోన్ చేశారు. చాలా మర్యాదగా మాట్లాడారు.

"పని గురించి వర్రీ కావద్దు మేడమ్. పెండింగ్ ఏమీ లేదు."

ఓదార్పుగానే అన్నారు.

లత ఫోన్ పక్కన పెట్టి నా వైపు చూసింది. "ఏమీ పెండింగ్ లేదంట వదినా."

నేను వెళ్లి తన పక్కన కూర్చున్నాను.

ఆ భయమే తమ్ముడిని తీసుకుపోయిందని నేను అనను. గుండె ఎందుకు ఆగిందో డాక్టర్లే చెప్పలేకపోయారు.

తమ్ముడి కూతురు మా ఇంట్లో ఉండి సూర్యాపేటలోనే ఇంజినీరింగ్ చదువుతోంది. కంప్యూటర్స్. "అత్తా, వచ్చే వారం ఎగ్జామ్ రాయాల్నా?" అని అడిగింది.

రాయమన్నాను.

ఆ మాట అంటుంటే నా గొంతు నాకే ఎవరిదో అనిపించింది.

మన ఇళ్లలో ఈ పని చేసే పిల్లలు చాలామంది ఉన్నారు. ఇవాళ ఒకసారి ఫోన్ చేయండి. జాబ్ సంగతి అడగకండి. తిన్నారా, పడుకున్నారా, అడగండి. చెప్పేదాకా ఫోన్ పెట్టకండి.

శ్రీధర్, ఇగ పరేషాన్ కాకు తమ్మీ. ఆ శివయ్య నిన్ను సల్లగ సూసుకోవాలె.

నిమ్మళంగ పడుకో.

మీ అక్క