జంగమ్మ అప్పజెప్పిన బిడ్డ

మా రావల్కోల్‌లో దరఖాస్తు రాయాలన్నా, ఆఫీసు మెట్లెక్కాలన్నా జనం ముందు నా గడపే తొక్కుతారు. నేను ఊరి బడిలో ఏడో తరగతి దాకా చదివినవాణ్ణి. ఆ రోజుల్లో ఏడంటే మాటలు కాదు. రెండుసార్లు వార్డు మెంబరుగా గెలిచాను. మా వాడకు బోరింగు నేను తిరిగితేనే వచ్చింది. వీధి దీపాలు నేను వెంటపడితేనే వెలిగాయి. సిద్దిరాములు చెయ్యి పెడితే పని ఆగదని మండలాఫీసు బంట్రోతు కూడా అనేవాడు. అట్లాంటి నా చేత కూడా కాని పని ఒకటుంది. అది జంగమ్మ పని.

జంగమ్మ మా వెనక వాడ సుక్కమ్మ కూతురు. అప్పట్లో మేడ్చల్ నుంచి శామీర్‌పేట దాకా ఎటు చూసినా ద్రాక్ష పందిళ్లు. గుత్తి ఒత్తుగా కాస్తే పండు ఎదగదు. చిన్న కత్తెరతో లోపలి కాయలు ఏరి తీసెయ్యాలి. పొద్దంతా తల పైకెత్తి చేసే పని అది. జంగమ్మ కత్తెర పెట్టిన గుత్తికి వంక పెట్టిన తోట యజమానిని నేను చూడలేదు.

తొంభై ఒకటిలో ఆమెను గాజులరామారం బాలేష్‌కిచ్చి చేశాం. పెళ్లి పెద్దను నేనే. బాలేష్ జీడిమెట్లలో ఒక కంపెనీలో షిఫ్టులు చేసేవాడు. ఎందుకో వాళ్లిద్దరికీ పొసగలేదు. ఆయన మాట్లాడితే ఈమె మాట్లాడదు. ఈమె ఏడిస్తే అత్త సాలమ్మ ఊరుకోదు. చివరికి రెండేళ్ల పిల్ల శృతిని చంకనేసుకుని జంగమ్మ తల్లిగారింటికి వచ్చేసింది.

తొంభై అయిదులో వాళ్ల కులపెద్దలు గాజులరామారంలో కూర్చున్నారు. ఆ రోజు నేను వేరే సంబంధం పని మీద శామీర్‌పేటలో ఉన్నాను. సిద్దిరాములు ఉంటే కథ వేరేగా ఉండేదని ఊళ్లో ఇప్పటికీ అంటారు. పుస్తెలు తీయించి ఇత్తడి పళ్లెంలో పెట్టించారు. స్టాంపు కాగితం మీద ఇడుపు కాయితం రాయించారు. మావైపు ఆలుమగలు విడిపోవడమంటే అంతే. కోర్టు మొహం చూసేవాళ్లు ఎవరూ లేరు.

ఇక పిల్ల ఎవరికి అన్న మాట వచ్చింది. పెద్దల్లో జనార్ధన్ అనే ఆయన ఎప్పుడో కోర్టు పక్కన టైపు మిషను పెట్టుకుని బతికినవాడు.

"కోర్టుల గూడ ఐదేండ్ల లెక్కనే ఉన్నది. ఐదేండ్ల దాక తల్లి. ఐదు నిండినంక తండ్రి," అన్నాడు.

కోర్టు మాట అనేసరికి అందరూ తలలూపారు. అదే రాశారు. జంగమ్మ వేలిముద్ర వేసింది.

శృతికి ఐదేళ్లు నిండాయి. సుక్కమ్మ కూతుర్ని బతిమాలింది.

"పిల్లను ఇయ్యకే. శామీర్‌పేటల మా చెల్లె కాడ దాసుదాం. వాడేం పీకుతడు?"

"పది మందిల వేలిముద్రేసిన అవ్వా. మాట తప్పితె పోలీసులొస్తరట. అప్పుడు పిల్లను సూడనిస్తరా?"

మేడ్చల్ బస్టాండులో పిల్లను బాలేష్ చేతికిచ్చింది. కొత్త గౌను తొడిగి, తలకు నూనె పెట్టి మరీ తీసుకుపోయింది. పిల్ల బస్సు కిటికీ ఊచలు పట్టుకుని ఏడ్చిందని చూసినవాళ్లు చెప్పారు. తర్వాత ఒకసారి గాజులరామారం పోతే సాలమ్మ గుమ్మంలోనే ఆపింది. "నువ్వొచ్చి పోతె పిల్లకు జరమొస్తాంది. దాని మేలు కోరెటిదానివైతే రాకు," అంది. జంగమ్మ మళ్లీ పోలేదు. బాలేష్ పద్మ అనే అమ్మాయిని చేసుకున్నాడని, వాళ్లకు కొడుకు పుట్టాడని ఊళ్లో అంటేనే విన్నది.

రెండు వేల నాలుగులో ఒక పొద్దున కోర్టు నోటీసు పట్టుకుని నా దగ్గరికొచ్చింది. అప్పటికి ద్రాక్ష తోటలు పోయి ప్లాట్ల రాళ్లు లేచాయి. కొత్త కాలనీలో నాలుగిళ్ల పని చేస్తోంది.

"ఇదేంది కాక?"

నోటీసు చదివాను. బాలేష్ విడాకులకు కేసు వేశాడు. కంపెనీలో భార్యగా పద్మ పేరు రాయించడానికి కోర్టు కాగితం కావాలన్నారట.

"ఇడుపై తొమ్మిదేండ్లాయె. మల్ల ఇడుపేంది?" అంది.

నాకూ అర్థం కాలేదు. అట్లని ఊరుకునే మనిషిని కాను. ఆమెను వెంటబెట్టుకుని మేడ్చల్‌లో జానకిరామయ్య అనే వకీలు దగ్గరికి పోయాను. కోస్తా మనిషి, కాపురం అల్వాల్‌లో. నిదానస్తుడు. ఇడుపు కాయితం రెండుసార్లు చదివాడు.

"పదిమంది పెద్దమనుషుల సంతకాలున్నయి సారు," అన్నాను.

"వందమంది పెట్టినా ఇది కోర్టు తీర్పు అవదండీ. మీ కులంలో ఈ ఆచారం ఎప్పట్నుంచో ఉందని సాక్ష్యాలతో రుజువు చేస్తే విడాకుల వరకు ఒప్పుకోవచ్చు. చెయ్యలేకపోతే ఈమె ఇవాళ్టికీ అతని భార్యే."

"మరి గా పద్మ ఏమైతది?" అని అడిగింది జంగమ్మ.

"అప్పుడు ఆ పెళ్లి చెల్లదమ్మా. మీరు కేసు పెట్టొచ్చు."

"ఆమేం జేసింది సారు? నా బిడ్డకు జడలేస్తాందట."

వకీలు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "పోనీ, భరణం అడగొచ్చు."

"నాకు చేతులున్నయి. బిడ్డను అడుగుత. ఐదేండ్లు నిండితె తండ్రికే అని మీ కానూన్ల ఉన్నదట గదా. మల్ల అడగొచ్చునా?"

"అలాగని ఎవరు చెప్పారు? ఐదేళ్ల లోపు పిల్లల్ని మామూలుగా తల్లి దగ్గరే ఉంచాలని ఉంది. ఐదు నిండగానే తండ్రికి అప్పజెప్పాలని ఎక్కడా లేదు. పిల్లకు ఎక్కడ మేలో కోర్టు చూస్తుంది. మీరు మీరు ఏం రాసుకున్నా కోర్టు దానికి కట్టుబడదు."

జంగమ్మ బల్ల మీది ఇడుపు కాయితం తన వైపు లాక్కుంది.

"అంటె, ఆ దినం బస్టాండుల నేను ఇయ్యకపోతే?"

"ఎవరూ మిమ్మల్ని ఏం చేసేవాళ్లు కాదమ్మా. కావాలంటే అతనే కోర్టుకు వెళ్లాల్సొచ్చేది."

ఆమె ఏడవలేదు. కొంగు సర్దుకుని, "కేసుల నా బిడ్డ మాట రాయుండ్రి సారు," అంది. విడాకులకు ఒప్పుకుంటాను, పిల్లను మాత్రం నాకివ్వాలి అని జవాబు రాయించాం.

వాయిదాలు ఏడాది దాటాయి. ప్రతి వాయిదాకూ నేను తోడు పోయాను. ఆ కోర్టు వరండాలో నన్ను గుర్తుపట్టి బెంచీ మీద చోటిచ్చేవాళ్లుండేవారు. చివరికి జడ్జిగారు పిల్లను తన గదిలోకి పిలిపించారు. శృతికి పన్నెండేళ్లు. స్కూలు బట్టల్లోనే వచ్చింది. తల్లి పక్క నుంచే నడిచి లోపలికి పోయింది. గుర్తుపట్టలేదో, గుర్తుపట్టి కూడా చూడలేదో నాకు తెలియదు.

నాన్న దగ్గరే ఉంటానంది. స్కూలు, స్నేహితులు, తమ్ముడు అన్నీ అక్కడే అని చెప్పిందట. కోర్టు అట్లాగే ఇచ్చింది. ఇద్దరి ఒప్పుదలతో విడాకులు. పిల్ల తండ్రి దగ్గర. తల్లి నెలకో ఆదివారం పోయి చూడొచ్చు.

బయట వరండాలో శృతి పద్మ చెయ్యి వదిలి తనంతట తానే జంగమ్మ ముందుకొచ్చి నిలబడింది.

"మీరు నన్నెందుకు ఇచ్చేసిన్రు?"

"ఐదేండ్లు నిండినయని ఇచ్చిన బిడ్డా. గట్ల రాసిండ్రు."

"నేను ఏడ్చిన గదా."

"ఏడ్సినవ్."

పిల్ల వెనక్కి తిరిగింది. పద్మ దగ్గరికి వెళ్లిపోయింది.

నేను ఊరుకోలేదు. "హైకోర్టుకు పోదాం జంగమ్మా. పట్నంల నాకు తెలిసినోళ్లున్నరు. ఇసువంటివి ఎన్ని జూడలేదు," అన్నాను.

"అప్పుడు పెద్దమనుషులు అడిగిండ్రని ఇచ్చిన కాక. ఇప్పుడు బిడ్డ అడిగింది. ఇగ గుంజొద్దు."

అంతకు ముందు మాటల్లో నన్ను ఓడించినవాళ్లు మా మండలంలో లేరు.

ఆ తర్వాత నన్ను పిలిచిన ప్రతి పంచాయతీలోనూ పిల్లల మాట వస్తే లేచి చెబుతున్నాను. పిల్లల్ని పంచడం మన పని కాదు, ముందు వకీలును అడగండి అని. ఒకరిద్దరు నొచ్చుకున్నారు. నొచ్చుకోనీ. నేను చేసిన పనుల్లో ఇది కూడా రాసుకోండి.

జంగమ్మ నెలనెలా గాజులరామారం పోతూనే ఉంది. కొన్నిసార్లు పిల్లకు పరీక్షలుంటాయి. కొన్నిసార్లు స్నేహితురాలి ఇంటికి పోయి ఉంటుంది. అట్లాంటప్పుడు పద్మ వేసిన కుర్చీలో కూర్చుని, శృతి ఏం తింటోంది, ఏం చదువుతోంది అడిగి తెలుసుకుని వస్తుంది.

పోయిన నెల వచ్చేటప్పుడు ఎదురుపడితే, "మాట్లాడిందా?" అని అడిగాను.

"ఎత్తు పెరిగింది కాక. నా భుజం దాటింది," అంది.

కాలనీ ఇళ్లకు వేళవుతోందని వెళ్లిపోయింది.