తలుపు పక్క మంచం

ఆఫీసులో ఆమెను అందరూ డిసెంబరక్క అంటారు. చాటుగా కాదు, మొహం మీదే. మిగతా నెలల్లో ఆమె ఏం చేస్తుందో ఎవరికీ పట్టదు. డిసెంబరు వచ్చిందంటే మాత్రం సెక్రటరీ మొదలు వంటమనిషి దాకా అందరి కళ్ళూ ఆమె చేతిలోని ఫోను మీదే. మంచాన పడి, చూసే దిక్కులేని మనుషుల కోసం నడుస్తున్న ఆశ్రమం అది. ఏడాది ఖర్చులో సగానికి పైగా ఆ ఒక్క నెలలోనే రావాలి. లాభాల లెక్కలూ పాప భయమూ ఒక్కసారే గుర్తొచ్చి, ఏడాది చివర్లో డబ్బున్నవాళ్ళకు దయ పుట్టుకొస్తుంది. అది చల్లారేలోపు పట్టుకోవడమే ఆమె ఉద్యోగం. విరాళాల విభాగం అధిపతి అని హోదా ఘనంగానే ఉంటుంది. ఆ విభాగంలో ఉన్నది ఆమె, ఇద్దరు అమ్మాయిలు, కాగితాలు నమిలే ఒక ప్రింటరు.

ఆ నెలంతా ఇంట్లో అద్దెకున్న మనిషిలాగే ఉంటుంది. ఓసారి భర్త మంచినీళ్ళ గ్లాసు అందిస్తే, ఏ లోకంలో ఉందో, "మీ సహకారానికి ధన్యవాదాలండీ" అంది. ఆయన నవ్వలేదు. "రసీదు కూడా ఇస్తావా?" అన్నాడు.

ఆమె నీరుగారిపోకూడదని సెక్రటరీ గారు రోజూ పొద్దున్నే ఫోనుకు ఒక బొమ్మ పంపేవారు. కొండ మీద సూర్యుడు, కింద "మీ లోపలి దీపాన్ని ఆరనివ్వకండి" అని అక్షరాలు. చూడగానే ఒళ్ళు మండేది. నూనె ఎవరు పోస్తారయ్యా అని అడగాలనిపించేది. అడగలేదు. చేతులు జోడించిన బొమ్మ ఒకటి తిరిగి పంపేది.

నూనె పోసేది నిజానికి డ్రైవరు బాబాయి.

ముందు వార్డులో చివరి మంచం ఆయనది, రెండు రెక్కల పెద్ద తలుపు పక్కన. పొద్దున తీస్తే సాయంత్రం దాకా ఆ తలుపు తీసే ఉండేది. ఎదురుగా హైవే. బతుకంతా లారీ నడిపి, నడుం విరిగి అక్కడికి చేరిన మనిషి. కాళ్ళు చచ్చుబడ్డాయి గానీ నోరు మాత్రం ఎప్పుడూ టాప్ గేర్లోనే. ఫోన్లు మొదలుపెట్టే ముందు ఆమె రోజూ వెళ్ళి ఆ మంచం అంచున కాసేపు కూర్చునేది.

"ఎందాకా వచ్చింది బండి?" అనేవాడు, వసూళ్ళ సంగతి అడుగుతూ.

"ఘాట్ రోడ్డు ఎక్కలేకపోతోంది బాబాయ్."

"గేరు మార్చు మరి. ఇంజను మీద పడి ఏడిస్తే ఎక్కుద్దా?"

అంతే. ఆ రెండు ముక్కలకే ఆమెకు ప్రాణం లేచొచ్చేది.

దాతలెవరైనా చూడ్డానికొస్తే నేరుగా ఆ మంచం దగ్గరికే తీసుకెళ్ళేది. మొదట్లో ఆయన యాక్సిడెంటు గురించి చెప్పేవాడు. రక్తం మాట రాగానే వచ్చినవాళ్ళు గడియారం చూసుకునేవాళ్ళు. "అది వద్దు బాబాయ్, ఈ తలుపు గురించి చెప్పు" అని ఆమే నేర్పింది. ఆయన ఇట్టే అందుకున్నాడు.

"ఈ తలుపే లేకపోతే ఎప్పుడో పోయేవాణ్ణి బాబూ. పొద్దున ఇది తీశారంటే నా బండి స్టార్టయినట్టే. ఏది లోడుతో పోతోందో, ఏది ఖాళీగా పోతోందో కళ్ళు మూసుకుని చెప్తా. ఒక్కోసారి ఈ కాళ్ళు బ్రేకు తొక్కుతున్నట్టే ఉంటది. ఈ మంచం మీదుంటే సగం రోగం లేనట్టే."

చివర్లో గొంతు కొంచెం వణికేది. వచ్చినవాళ్ళు కళ్ళు తుడుచుకుంటూంటే, వాళ్ళ భుజం మీదుగా ఆమెకు కన్ను కొట్టేవాడు. వాళ్ళు అటు వెళ్ళగానే "నా వాటా ఏది?" అనేవాడు. వాటా అంటే పంచదార దండిగా వేసిన స్ట్రాంగు టీ. నర్సు వద్దని మొత్తుకునేది, ఈమె తెచ్చిచ్చేది. ఆయన చెప్పేది అబద్ధమా అంటే కాదు. ఉతికి ఇస్త్రీ చేసిన నిజం.

ఆ ఏడు మాత్రం ఏ గేరూ పనిచేయలేదు. పాత దాతల్లో ఒకాయన వ్యాపారం మూసేశాడు. ఇంకొకావిడ మనసు వీధికుక్కల మీదికి మళ్ళింది. నెల సగం దాటినా రావలసినదాంట్లో మూడోవంతు కూడా రాలేదు. "ఇలాగైతే జనవరిలో వెనక వార్డు మూసేయాలమ్మా" అన్నారు సెక్రటరీ గారు. వెనక వార్డులో ఉన్నది మాట పడిపోయినవాళ్ళు, సొంత పేరు కూడా మర్చిపోయినవాళ్ళు. వాళ్ళను తీసుకెళ్ళి ఎక్కడ పెడతారు? ఆ ప్రశ్న ఆమెను అన్నం తిననివ్వలేదు.

అప్పుడొచ్చాడు గ్రానైటు షావుకారు. ఆమె నెల్లాళ్ళు ఫోన్లు చేసి, బతిమాలి, రప్పించిన మనిషి. ఆ రోజు బాబాయి తనను తానే మించిపోయాడు. బ్రేకు తొక్కే మాట దగ్గర షావుకారు జేబురుమాలు తీశాడు. బాబాయి కన్ను కొట్టాడు. ఆమెకు ఎగిరి గంతేయాలనిపించింది.

మర్నాడు సెక్రటరీ గారు పిలిచారు. మొహం వెలిగిపోతోంది. "లోటంతా ఆయనొక్కడే పూడుస్తానన్నాడమ్మా. చిన్న కోరిక, అంతే. వాళ్ళ పెద్దమ్మకు పక్షవాతం. ఇంట్లో చూసుకోవడం కుదరట్లేదట. మన దగ్గర పెడతాడు."

"దానికేముందండీ, పెడదాం."

"ఆ తలుపు పక్క మంచం కావాలట."

"ఇంకేదైనా ఇద్దామండీ. అది బాబాయిది" అంది.

"నేనూ చెప్పాను. వినడే. ఆ మంచం మీదుంటే సగం రోగం లేనట్టేనని ఆ ముసలాయనే అన్నాడుగా, మా పెద్దమ్మకు అదే ఇవ్వండి అంటాడు. మంచం మారిస్తే మనిషి పోతాడా? వెనక వార్డు మొత్తం నిలబడుతుంది. నువ్వే ఆలోచించు."

ఆలోచించింది. అడకత్తెరలో పోకచెక్క అయిపోయింది. కాదంటే వెనక వార్డు మూతపడుతుంది, ఔనంటే ఒక్క మనిషికి రోడ్డు మూసుకుపోతుంది. తూకం వేస్తే ఎటు మొగ్గాలో చిన్నపిల్లలైనా చెప్తారు. అందుకే ఆమెకు తన మీద అంత కోపం వచ్చింది. బాబాయికి ఆ తలుపు మాట నేర్పింది ఇంకెవరైనా అయితే బాగుండేది. నేర్పింది తనే. ఔనని చెప్పేసింది.

బాబాయికి తనే చెప్పాలని వెళ్ళింది. ఆయన రోడ్డు చూస్తున్నాడు.

"ఎందాకా వచ్చింది బండి?"

"వచ్చేసింది బాబాయ్. మొత్తం వచ్చేసింది." మిగతాది కూడా చెప్పింది. దాచలేదు, చుట్టూ తిప్పలేదు.

ఆయన రోడ్డు మీద పోతున్న లారీ కనుమరుగయ్యేదాకా చూశాడు. "అయితే బాగా అమ్మానన్నమాట" అన్నాడు చివరికి.

"వెనక వార్డు మూసేస్తామన్నారు బాబాయ్. నాకు వేరే దారి కనపళ్ళేదు."

"నిన్నేమన్నా అన్నానా అమ్మాయ్? ఎప్పుడు మారుస్తారో చెప్పు, చాలు."

టీ తెస్తానంది. వద్దన్నాడు.

ఆయాలిద్దరు ఆయన్ను వెనక వార్డుకు మార్చారు. అక్కడ మంచానికి ఎదురుగా గోడ, గోడ మీద బాత్రూము గొట్టం. ముందు వార్డు తలుపు పక్కకు షావుకారి పెద్దమ్మ వచ్చింది. వచ్చిన వారానికే ఆవిడకు దుమ్ము పడలేదు, హారన్లు పడలేదు. తలుపు వేయించింది, గడియ పెట్టించింది, ముదురు రంగు కర్టెన్ కూడా కట్టించుకుంది. దాంతో రోడ్డు ఆ వార్డులో ఎవరికీ లేకుండా పోయింది.

ఆ తలుపు చూసినప్పుడల్లా ఆమె చెయ్యి గడియ మీదికి పోయేది. ఉండబట్టలేక సెక్రటరీ గారి దగ్గరికెళ్ళింది. "ఆవిడకు రోడ్డే వద్దటండీ. ఇంకో మంచమిచ్చి బాబాయిని మళ్ళీ అక్కడ పెడదాం."

"దాత మనసు నొచ్చుకుంటుందమ్మా" అన్నారాయన. "ఉన్నది ఉన్నట్టు ఉండనీ."

మొదట్లో రోజూ వెనక వార్డుకెళ్ళింది. ఆయన బండి సంగతి అడగలేదు. అడగని మనిషి దగ్గర ఎంతసేపని కూర్చుంటుంది? రోజూ వెళ్ళేది వారానికయింది, వేసవి వచ్చేసరికి అదీ పోయింది.

మళ్ళీ డిసెంబరు వచ్చింది. పోయినేడు లోటు పూడ్చిన ఘనత ఆమెదే కదా, ఇలాంటి ఆశ్రమాలవాళ్ళంతా కలిసే సభలో మాట్లాడమన్నారు. ఏడాది చివర ఉత్సాహం సడలకుండా ఉండటం ఎలా అన్నది విషయం. "మనం ఎవరి కోసం పనిచేస్తున్నామో వాళ్ళ దగ్గర రోజూ కాసేపు కూర్చోండి. అంతకు మించిన బలం లేదు" అంది ఆమె. చప్పట్లు గట్టిగా కొట్టారు. ఆ చప్పట్ల మధ్య కుర్చీలో కూర్చోవడానికి ఆమెకు సిగ్గేసింది.

ఆ వారంలోనే ఒక డాక్టరమ్మ చూడ్డానికొచ్చింది. ముందు వార్డు చూపించి పంపేద్దామనుకుంటే, "వెనక కూడా చూస్తాను" అంది ఆవిడ. తప్పలేదు. గోడకు ఎదురుగా ఉన్న మంచం దగ్గర ఆవిడ ఆగింది.

"ఎలా ఉన్నారు తాతగారూ?"

ఆయన గోడ మీద నుంచి చూపు తిప్పలేదు. "నాకో తలుపుండేదమ్మా" అన్నాడు. "రోడ్డు కనపడేది. ఇప్పుడు గొట్టంలో నీళ్ళ చప్పుడు వింటా. ఒక్కోసారి దూరంగా లారీ పోతున్నట్టే ఉంటది. చెవి పెట్టి వింటే నీళ్ళే."

డాక్టరమ్మ పైట నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చేసింది. ఇద్దామనుకున్నదానికి రెట్టింపు ఇస్తానని అక్కడికక్కడే చెప్పి, బయటికి వెళ్ళిపోయింది. అన్నేళ్ళలో ఆ తలుపు కథకు ఎవరూ అంత ఏడవలేదు. ఆ సంగతి ఆమె మనసు వద్దన్నా పసిగట్టేసింది.

ఆయన ఈసారి ఆవిడ భుజం మీదుగా ఆమె వైపు చూడలేదు. కన్ను కొట్టలేదు.

"టీ తేనా బాబాయ్?" అంది.

"వద్దమ్మాయ్. ఇది వేషం కాదు, వాటా అడగడానికి."

ఆమె ఆఫీసుకు వెళ్ళి, ఫోన్లు మొదలుపెట్టింది. మర్నాడు వచ్చిన దాతల్ని నేరుగా వెనక వార్డుకే తీసుకెళ్ళింది.