కాపలా టవర్ లోపలి గోడ

2015 ఏప్రిల్‌లో డెలావేర్ తీరంలోని ఒక పార్కులో ఉన్న పాత కాపలా టవర్ మరమ్మతుకు నన్ను ప్రాజెక్ట్ ఇంజినీరుగా వేశారు. అప్పట్లో నేను వర్జీనియాలో, ఆష్‌బర్న్ దగ్గర, పాత కట్టడాలను పరీక్షించే ఒక చిన్న సంస్థలో పనిచేసేవాణ్ణి. ప్రాజెక్ట్ ఇంజినీరంటే నివేదికల మీద, డ్రాయింగుల మీద తన లైసెన్సు ముద్ర వేసేవాడు. కట్టడం విషయంలో తుది మాట అతనిదే.

రెండో ప్రపంచయుద్ధ కాలంలో ఆ తీరం వెంబడి ఇలాంటి టవర్లు కట్టారు. చూడటానికి ధాన్యపు గాదెలా గుండ్రంగా, ఎత్తుగా ఉంటాయి. మేము పని చేసిన దానికి పైభాగంలో సముద్రం వైపు అడ్డంగా సన్నని చీలికలు తప్ప వేరే కిటికీలు లేవు. వాటి వెనుక సైనికులు దుర్భిణులు పెట్టుకుని కూర్చునేవారు. ఒకే ఓడను రెండు టవర్ల నుంచి చూసి, అది ఏ కోణంలో కనబడుతోందో ఫోన్‌లో చెప్పేవారు. మ్యాపు మీద ఆ రెండు గీతలు కలిసిన చోటికి ఫిరంగులను గురిపెట్టేవారు. యుద్ధపు తొందరలో కట్టినవి కాబట్టి నునుపు చేసే ఓపిక ఎవరికీ లేకపోయింది. కాంక్రీటు పోసిన చెక్క అచ్చుల గుర్తులు గోడ చుట్టూ పట్టీల్లా ఇంకా కనబడతాయి. పక్కనున్న సముద్రపు ఇసుకనే కాంక్రీటులో కలిపారని అక్కడివాళ్లు చెప్పుకుంటారు.

నాతో వచ్చిన ఫీల్డ్ ఇంజినీరు స్రవంతి. వరంగల్ అమ్మాయి, అమెరికాలో మాస్టర్స్ చేసి మా సంస్థలో చేరింది. ఆమె వీసా, గ్రీన్‌కార్డ్ కాగితాలు రెండూ సంస్థ చేతిలోనే ఉండేవి. ఆఫీసులో అందరూ అందరినీ పేరుతో పిలిచినా ఆమె నన్ను సర్ అనే పిలిచేది.

గోడ బయటివైపు తుప్పు చారలు దిగాయి. అక్కడ కోర్లు, అంటే గోడలోంచి డ్రిల్లుతో తీసే కాంక్రీటు కడ్డీలు తీయించి, లోపలి ఇనుమును తుప్పు పట్టించే ఉప్పు ఎంత లోతుకు దిగిందో ల్యాబులో చూడాలన్నది ప్లాన్. నేను చెప్పినట్టు దాన్ని గీసింది స్రవంతే. టవర్ చూసి తిరిగి వస్తూ కారులో స్రవంతి ఆ మాటే ఎత్తింది.

"సర్, లోపలి దిక్కు నుంచి కూడా కోర్లు తీద్దాం. ఇసుకే సముద్రానిదైతే ఉప్పు గోడంతా ఉంటది కద. పైన ఆ సందుల్లకెల్లి వాన కూడా లోపలికే కొడతాంది."

"బడ్జెట్ లేదమ్మాయ్. నువ్వు టవర్‌కి పోస్ట్‌మార్టం చేసేట్టున్నావ్."

"పోస్ట్‌మార్టం సచ్చినంక చేస్తరు సర్. ఇదింకా బతికే ఉంది."

నేను నవ్వాను. ఆ తర్వాత అన్న మాట ఇది: "రేపు మీటింగ్‌లో ఇది ఎత్తకు. క్లయింట్ ముందు మనవాళ్లం ఇద్దరం చెరో మాట మాట్లాడితే బాగోదు."

మా సంస్థలో ఒక పద్ధతి ఉండేది. మీటింగ్‌లో ఎవరు అభ్యంతరం చెప్పినా మినిట్స్‌లో, అంటే ఆ మీటింగ్ రికార్డులో రాయాలి, ప్రాజెక్ట్ ఇంజినీరు దానికి రాతపూర్వకంగా జవాబివ్వాలి. కారులో, మన భాషలో వచ్చిన అభ్యంతరాన్ని నేను ఇంట్లో పిల్లల మాటలా తీసుకున్నాను. మర్నాడు మీటింగ్‌లో స్రవంతి నోరు విప్పలేదు.

బయటి కోర్లలో ఉప్పు మరీ ఎక్కువగా తేలలేదు. పగుళ్లు పూడ్చి, నీళ్లు దిగకుండా బయటివైపు పూత వేయమని రాసి నా ముద్ర వేశాను. ఆ పూత పడ్డాక లోపలి నుంచి గోడలోకి దిగిన తడికి ఇక బయటికి పోయే దారి లేకుండా పోయింది. కాంక్రీటులోని ఇనుప చువ్వలు తుప్పు పట్టి ఉబ్బాయి. మూడో శీతాకాలంలో చీలికల పైనున్న కాంక్రీటు పెళ్లగా ఊడి కింద పడింది. అదృష్టవశాత్తు అప్పుడు కింద ఎవరూ లేరు. మా క్లయింట్లైన పార్కు వాళ్లు టవర్ చుట్టూ కంచె వేసి సందర్శకులను ఆపేశారు.

సంస్థలో విచారణ జరిగింది. లోపలి నుంచి కోర్లు తీయాలని ఎవరైనా సూచించారా అని టెక్నికల్ డైరెక్టర్ అడిగాడు. స్రవంతి నా ఎదురు కుర్చీలోనే ఉంది. నా వైపే చూస్తోంది.

"మినిట్స్‌లో అలాంటిదేమీ లేదు" అన్నాను.

కోర్ల ప్లాన్ గీసింది ఆమె కాబట్టి లోపం ఆమెదిగా తేల్చారు. నాకు ఒక హెచ్చరికతో సరిపెట్టారు. కొన్ని నెలలకు సిబ్బందిని తగ్గించినప్పుడు ముందు పోయింది ఆమె ఉద్యోగమే. గ్రీన్‌కార్డ్ దరఖాస్తు ఆగిపోయింది. చివరి రోజు నా గది గుమ్మం దగ్గర నిలబడింది.

"మీటింగ్‌ల మాట్లాడొద్దన్నరు, మాట్లాడలే. మరి మీరెందుకు మాట్లాడలే సర్?"

వీసా గడువులోగా వేరే ఉద్యోగం దొరకక ఆమె దేశం విడిచి వెళ్లిందని తర్వాత విన్నాను. వేరే సంస్థ లోపలి కోర్లు తీసినప్పుడు బయటికంటే లోపలే ఉప్పు ఎక్కువగా తేలింది. అప్పుడు డైరెక్టర్ దగ్గరికి వెళ్లి కారులో జరిగిన సంభాషణ చెప్పాను. ఆయన విని, ఇప్పుడు చెప్పి లాభం లేదన్నాడు. అది నిజమే.

కట్టడాల పరిశీలనలో అభ్యంతరం ఎక్కడ వచ్చినా, ఏ భాషలో వచ్చినా, విన్నవాడే దాన్ని రాసి పెట్టాలి. చెప్పినవాళ్ల ఉద్యోగం విన్నవాడి చేతిలో ఉన్నప్పుడు వాళ్లు రెండోసారి చెప్పరు. మినిట్స్‌లో లేదన్న నా మాటలో అబద్ధం లేదు. కానీ డైరెక్టర్ అడిగింది మినిట్స్ గురించి కాదు.